మూరెడు జలాంతర్గామి: యూ-48 ప్లాస్టిక్ కిట్ మీద నా రివ్యూ

కొనాలా వద్దా అనేది ముందే చెప్పేస్తాను. ప్లాస్టిక్ మోడళ్లు ఒకటో రెండో చేసి చెయ్యి తిరిగినవాళ్లయితే కొనండి, డబ్బు దండగ కాదు. ఇదే మొదటిది అయితే దీని జోలికి పోకండి. ఏ చిన్న విమానంతోనో జీపుతోనో మొదలుపెట్టండి. పిల్లాడి పుట్టినరోజుకి బొమ్మ కదా అని ఇద్దామనుకునేవాళ్లు మాత్రం అసలే కొనొద్దు. లోపల చీమతలకాయంత ముక్కలున్నాయి, ఒకటి కింద పడితే ఇల్లంతా ఊడ్చినా దొరకదు.

వస్తువు ఏమిటంటే, రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ జలాంతర్గామి. వాళ్ల లెక్కలో ఏడో రకం, అందులో 'బి' తరగతి. స్కేలు 1/144. అసలు పడవ పొడవు 66.5 మీటర్లు, కాబట్టి మోడల్ 46 సెంటీమీటర్లు వస్తుంది, అంటే మూరెడు. టీవీ స్టాండు మీద పట్టే సైజు. ఆన్‌లైన్‌లో మూడు వేల పైచిలుకు పడింది. రంగులు, గమ్ము, బ్రష్షులు వేరే. కంపెనీ విదేశీది, పేరు రాయను. కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

నా సంగతి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూలో బ్యాటరీ గోల ఎందుకింత ఉందో అర్థం కాదు. తిరుపతి క్యారేజీ వర్క్‌షాపులో ట్రెయిన్ లైటింగ్ సెక్షన్‌లో ఎలక్ట్రీషియన్‌గా పని చేసి రిటైరయ్యాను. రైలు పెట్టె కింద వేలాడే బ్యాటరీ పెట్టెలే నా ఉద్యోగం. హైడ్రోమీటర్ పెట్టి యాసిడ్ రీడింగ్ చూడటం, డిస్టిల్డ్ వాటర్ పొయ్యటం, టెర్మినళ్లకు పట్టిన తెల్ల బూజు గీకి వేడినీళ్లతో కడగటం, వాసిలిన్ రాయటం. ఏసీ పెట్టె కింద రెండు వోల్టుల సెల్లులు 56 ఉంటాయి, అన్నీ కలిపి 110 వోల్టులు. సర్వీసంతా వాటితోనే గడిచింది కాబట్టి జలాంతర్గామిని చూసినా నాకు ముందు కనపడేది పెరిస్కోపు కాదు.

పెట్టె దగ్గర మొదలుపెడదాం. పార్శిల్ వచ్చేసరికే ఒక మూల నొక్కుకుపోయి ఉంది. లోపల మూడు ఫ్రేములు బూడిద రంగు ప్లాస్టిక్, ఒక స్టాండు, తడిపి అతికించే స్టిక్కర్ల షీటు, బొమ్మలతో ఉన్న సూచనల పుస్తకం. పెరిస్కోపు విరిగి ఉంది. అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే వారంలో విడిభాగం పంపిస్తామన్నారు. ఇంతవరకూ దాని జాడ లేదు. చివరకు ఇంజెక్షన్ సూది కత్తిరించి పెట్టాను, నిజం చెప్పాలంటే అసలుదానికంటే అదే బాగుంది. యాంటెనా తీగలకు పాత ఫ్యాన్ మోటారు వైండింగ్‌లోంచి సన్నటి రాగి తీగ లాగి వాడాను. కంపెనీ ఇచ్చిన దారం పోగులు పోగులుగా లేచిపోతుంది, పారేయండి.

పెట్టె మీద బొమ్మ మాత్రం అదరగొట్టారు. తుఫాను సముద్రం, ముందుకు దూకుతున్న పడవ, దూరంగా మంటల్లో ఒక ఓడ. ఆ ఓడ పేరేమిటో ఎక్కడా లేదు. పక్క అట్ట మీద పది లైన్ల చరిత్ర నాలుగు భాషల్లో ఉంది. అందులో సారం ఒక్కటే: ఇది 51 ఓడలను ముంచింది, సుమారు మూడు లక్షల టన్నులు, ఆ యుద్ధంలో ఇంతకంటే ఎక్కువ ముంచిన జలాంతర్గామి లేదు. లెక్క నిజమే. కాకపోతే ఈ టన్నులు బరువు కాదు, ఓడ లోపలి చోటుకు కొలత. పది లైన్లు రాసినవాళ్లు ఆ మాట కూడా రాయొచ్చు. నా అసలు ఫిర్యాదు వేరే ఉంది, తర్వాత చెప్తాను.

స్టిక్కర్లు మూడు పడవలకు ఇచ్చారు, ఏది కావాలంటే అది చేసుకోవచ్చు. నేను యూ-48 ఎంచుకున్నాను. దాని కానింగ్ టవర్ మీద, అంటే పడవ నడుమ పైకి లేచి ఉండే బురుజు మీద, నల్ల పిల్లి బొమ్మ ఉంటుంది. మా మనవడికి ఆ పిల్లి నచ్చింది, అంతకు మించి కారణం లేదు. ఎంచుకున్నాక దాని చరిత్ర చదవటం మొదలుపెట్టాను, అక్కడ ఇరుక్కుపోయాను.

ముందు అతికించే పని. పడవ ఒళ్లు ఎడమ, కుడి రెండు చెక్కలుగా వస్తుంది. రెండూ కలిపితే ముక్కు దగ్గర సరిగ్గా కూర్చుంటుంది, వెనక్కి వచ్చేకొద్దీ నోరు తెరుచుకుంటుంది. చుక్కాని దగ్గర గోరు దూరేంత సందు. ఈ ధరకు ఇది అన్యాయం. మోడళ్లకని అమ్మే పుట్టీ ట్యూబు తిరుపతిలో నాకు దొరకలేదు, ఆన్‌లైన్‌లో దాని ధర చూస్తే కళ్లు తిరిగాయి. ఆటోనగర్‌లో కార్లకు పెయింట్ వేసే షెడ్డు దగ్గరికి పోయాను.

"ఏ బండికి సామీ?" అన్నాడు కుర్రాడు.

"బండికి కాదు నాయనా, సబ్‌మెరైన్‌కి."

వాడు కన్నార్పకుండా "సొట్ట ఎంతుంది?" అని అడిగాడు.

గోరంత అని చూపిస్తే డబ్బా అడుగున మిగిలిన పుట్టీ కాగితంలో చుట్టి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. సన్న ఉప్పు కాగితం రెండు రకాలు మాత్రం కొనిపించాడు. కార్ల పుట్టీ ఈ ప్లాస్టిక్ మీద బాగానే పట్టింది. పల్చగా రాసి, ఒక రాత్రి ఆరనిచ్చి, తడి కాగితంతో రుద్దితే అతుకు కనపడదు. ఇన్‌స్టంట్ గమ్ము మాత్రం పెద్ద అతుకులకు వాడకండి, చుట్టూ తెల్లటి పొర కడుతుంది.

ఒంటి మీద వివరాలు మాత్రం మెచ్చుకోవాలి. పక్కల పొడుగునా వరసగా చిన్న చిన్న చీలికలుంటాయి, నీళ్లు లోపలికి, బయటికి పోవటానికి. మనకు పైన కనపడే ఒళ్లు నిజానికి చాలావరకు తొడుగే. మనుషులుండే గట్టి ఉక్కు గొట్టం దాని లోపల ఉంటుంది. మునిగేటప్పుడు ఆ తొడుగులోకి నీళ్లు నిండాలి, ఆలస్యమైతే ప్రాణం పోయినట్టే. ఒక్కో చీలికనూ సూది మొనతో తెరిచినంత శుభ్రంగా అచ్చు పోశారు. పైన కర్ర పలకల డెక్కు, దాని మీద 88 మిల్లీమీటర్ల ఫిరంగి, ముందు నాలుగు టార్పెడో గొట్టాల మూతలు, వెనక ఒకటి, అన్నీ లెక్కకు సరిగ్గా ఉన్నాయి. ఫిరంగి అయితే చూస్తూ కూర్చోవచ్చు.

ఒళ్లు అతికించేముందు మా మనవడు వచ్చి రెండు చెక్కలూ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తాతా, దీనికి బ్యాటరీ యాడ వెయ్యాల?"

వాడు అడిగింది బొమ్మ నడవటానికి వేసే పెన్సిల్ సెల్లు గురించి. కానీ ఈ కిట్టు మీద నాకున్న అసలు ఫిర్యాదు కూడా అదే. లోపల ఏమీ లేదు, ఉత్త డొల్ల. కనీసం సూచనల పుస్తకంలో ఒక పేజీ నిలువుకోత బొమ్మ వెయ్యొచ్చు కదా. వెయ్యలేదు. దాంతో కొన్నవాడికి ఈ యంత్రం ఎలా బతికిందో, ఎందుకు చచ్చిందో తెలిసే దారి లేదు.

సినిమాలు చూసి మనం ఏమనుకుంటామంటే, జలాంతర్గామి అంటే ఎప్పుడూ నీళ్ల కిందే తిరుగుతుందని. ఈ ఏడో రకం అలా తిరగలేదు. ఇది పైన తిరిగే పడవ, అవసరం పడితే కాసేపు మునిగేది. పైన ఉన్నప్పుడు ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్లు రెండు నడిపేవి, 17 నాట్లకు పైగా వేగం, అంటే గంటకు 17 సముద్రపు మైళ్లు, సుమారు 32 కిలోమీటర్లు. డీజిల్‌కు గాలి కావాలి. మునిగాక గాలి ఎక్కడిది? అప్పుడు మోటార్లు, వాటికి బ్యాటరీ. ఈ రకం పడవల్లో సెల్లులు 124. మనుషులు పడుకునే గదుల నేల కింద రెండు గుంపులుగా, ఒక్కోదానిలో 62. మొత్తం బరువు 60 టన్నుల పైమాటే, అంటే ఒక్కో సెల్లు సుమారు అర టన్ను. మా పెట్టె కింద సెల్లు ఇద్దరం పట్టి దించేవాళ్లం. అర టన్ను సెల్లును ఎలా దించారో తలుచుకుంటేనే నడుం పట్టేస్తుంది.

ఇంత బ్యాటరీ ఉండి ఏం చెయ్యగలిగేది? నాలుగు నాట్ల వేగంతో, అంటే మనిషి చురుగ్గా నడిచే కంటే కొంచెం ఎక్కువగా, 90 సముద్రపు మైళ్లు. దాదాపు ఒక పగలూ రాత్రీ. పూర్తి వేగంతో ఎనిమిది నాట్లు కొడితే గంట, గంటన్నరలో బ్యాటరీ అయిపోతుంది. ఆ తర్వాత పైకి రావాల్సిందే, పైన ఎవరు కాపేసినా సరే. చార్జింగ్ పెట్టినప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడకపోతే నిప్పురవ్వ చాలు పేలటానికి. మా షెడ్డులో బ్యాటరీ రూములో బీడీ వెలిగించినవాణ్ణి ఫోర్‌మన్ ఎలా తిట్టేవాడో నాకు తెలుసు. ఇక సముద్రపు నీళ్లు యాసిడ్‌లో పడితే క్లోరిన్ వాయువు. మూసిన గొట్టంలో 40 మందికి పైగా మనుషులతో.

టార్పెడోలలో కూడా ఒక రకం బ్యాటరీదే. వెనక బుడగల చార రాదు కాబట్టి పగలు వాడేవాళ్లు. సుమారు 5 కిలోమీటర్లు, 30 నాట్లు. ముందే వేడి చెయ్యకపోతే అంత దూరం పోదు, కొన్ని రోజులకోసారి గొట్టంలోంచి బయటికి లాగి చార్జింగ్ పెట్టాలి. లెడ్ యాసిడ్ చలికి ఎలా మూలుగుతుందో డిసెంబర్‌లో ఉత్తరాది నుంచి వచ్చే రైళ్ల బ్యాటరీలు చూసినవాళ్లను అడగండి.

మనకు విశాఖలో ఆర్కే బీచ్ మీద ఐఎన్ఎస్ కురుసుర ఉంది కదా, 2002 నుంచి మ్యూజియం. అది సోవియట్ పడవ, ఇంతకంటే పెద్దది, తర్వాతి కాలానిది. అయినా డీజిల్, బ్యాటరీ పద్ధతి అదే. టికెట్ కొని లోపలికి పోయినవాళ్లందరూ టార్పెడో గొట్టాల దగ్గర ఫొటోలు దిగుతున్నారు. నేను గైడుగా ఉన్న మాజీ నేవీ ఆయన్ను బ్యాటరీ ఎక్కడండీ అని అడిగితే, కాలితో నేల మీద తట్టి చూపించాడు. ఈ కిట్టు కొనేముందో కొన్నాకో ఒకసారి అక్కడికి పోయి రండి. ఈ కంపెనీ చెప్పనిది అక్కడ అరగంటలో తెలుస్తుంది.

ఇప్పుడు యూ-48 కథ. కీల్‌లో కట్టారు, 1939 ఏప్రిల్‌లో నౌకాదళంలో చేరింది. యుద్ధం సెప్టెంబర్‌లో మొదలైంది, ఐదో తేదీకే మొదటి ఓడ. కెప్టెన్ హెర్బర్ట్ షుల్ట్జె. రాయల్ సెప్టర్ అనే బ్రిటిష్ సరుకు ఓడను ముంచాక, ఆ దారినే వచ్చిన బ్రౌనింగ్ అనే ఇంకో బ్రిటిష్ ఓడ దగ్గరికి పోయాడు. వాళ్లు హడలిపోయి ముందే లైఫ్‌బోట్లలోకి దిగిపోయారు. షుల్ట్జె వాళ్లను మళ్లీ ఓడ ఎక్కమని, పోయి ఆ మునిగిన ఓడవాళ్లను ఎక్కించుకొమ్మని చెప్పి వదిలేశాడు. తర్వాత 11వ తేదీన ఫర్బీ అనే ఓడను ముంచి, అప్పుడు నౌకాదళ మంత్రిగా ఉన్న చర్చిల్ పేరిట రేడియోలో సందేశం పంపాడు: ఫలానా చోట ఫర్బీని ముంచాను, దయచేసి సిబ్బందిని కాపాడండి. బ్రిటిష్ డెస్ట్రాయర్ వచ్చి వాళ్లను కాపాడింది.

ఇది చదివి షుల్ట్జె మంచివాడని పొంగిపోవాల్సిన పని లేదు. సరుకు ఓడను ఆపాలి, సోదా చెయ్యాలి, మనుషులను క్షేమంగా దింపాకే ముంచాలి అని అప్పటి అంతర్జాతీయ ఒప్పందం. జర్మనీ కూడా దానికి ఒప్పుకుంది. మూడు నెలలు గడిచేసరికి అది అటకెక్కింది. ఓడలకు ఫిరంగులు బిగించారు, వాటికి రేడియో ఉంది, జలాంతర్గామి పైకి తేలి "ఆగు" అంటే దాని ప్రాణానికే ముప్పు. 1939 చివరికల్లా జలాంతర్గాముల అధిపతి డోనిట్స్ ఎవరినీ ఎక్కించుకోవద్దని, లైఫ్‌బోట్ల సంగతి పట్టించుకోవద్దని ఆదేశం ఇచ్చేశాడు.

1940 ఏప్రిల్‌లో నార్వే దగ్గర వీళ్ల టార్పెడోలు వీళ్లనే మోసం చేశాయి. కొన్ని ముందే పేలాయి, కొన్ని చెప్పిన లోతుకంటే కిందికి పోయాయి. యూ-48 కూడా వార్‌స్పైట్ అనే పెద్ద యుద్ధనౌక మీద వదిలి భంగపడింది. యుద్ధనౌకల దగ్గర పప్పులుడకలేదు, మళ్లీ సరుకు ఓడల మీద పడ్డారు. ఆ వేసవిలో ఫ్రాన్స్ పడిపోయింది, అట్లాంటిక్ ఒడ్డు రేవులు చేతికొచ్చాయి, వేటకు పోయే దూరం తగ్గింది. పద్ధతి కూడా కుదిరింది: పగలు దూరం నుంచి వెంబడించటం, రాత్రి పైకి తేలి కాన్వాయ్ (కాపలా నౌకలతో గుంపుగా పోయే సరుకు ఓడలు) మధ్యకు పోవటం. బ్రిటిష్ వాళ్ల దగ్గరున్న ధ్వని పరికరం నీళ్ల కింద ఉన్నదాన్ని పట్టుకునేది, పైన తేలేదాన్ని కాదు. నల్లటి నీళ్ల మీద నల్లటి సన్నటి పడవ కంటికి ఆనదు. అలా పైన ఉన్నప్పుడు గురి చూసేది కెప్టెన్ కాదు, మొదటి వాచ్ ఆఫీసర్. యూ-48లో ఆ పని రైన్‌హార్డ్ జూరెన్‌ది. ఈ 51 ఓడల్లో చాలావాటికి గురి చూసింది ఆయనే.

ఇప్పుడు పెట్టె మీద పేరు రాయని ఓడల్లో ఒకదాని సంగతి. దాని పేరు సిటీ ఆఫ్ బెనారస్. మన కాశీ పేరే. 1936లో కట్టిన ప్రయాణికుల ఓడ, 11,081 టన్నులు. 1940 సెప్టెంబర్ 13న లివర్‌పూల్ నుంచి కెనడాకు బయలుదేరింది. లండన్ మీద బాంబులు పడుతున్న రోజులవి. పిల్లలనైనా దూరం పంపిద్దామని ప్రభుత్వం ఒక పథకం పెట్టింది, దాని కింద 90 మంది పిల్లలు ఆ ఓడ ఎక్కారు. ఓడ సిబ్బందిలో ఎక్కువమంది మన దేశం నుంచి పోయినవాళ్లు, లాస్కర్లనేవారు. ఇంజను, వంట, గదుల పని అంతా వాళ్లది.

17వ తేదీకల్లా కాపలా నౌకలు వెనుదిరిగాయి, ప్రమాదం ఉన్న నీళ్లు దాటేశాం అని. దీపాలన్నీ ఆర్పేసి పోతోంది ఓడ, బయటి నుంచి చూస్తే పిల్లలున్నారని తెలిసే గుర్తేదీ లేదు. ఆ రాత్రి యూ-48 వెంటపడింది. అప్పుడు కెప్టెన్ హైన్‌రిష్ బ్లైక్‌రోట్. మొదట వదిలినవి తగల్లేదు. మళ్లీ వదిలింది పది దాటాక తగిలింది. అరగంటలో ఓడ మునిగింది. గాలివాన, చలి, అలలు. లైఫ్‌బోట్లు దించేటప్పుడే కొన్ని తిరగబడ్డాయి, నీళ్లు నిండినవాటిలో నడుం లోతు చలినీళ్లలో కూర్చుని రాత్రంతా ఒక్కొక్కరే ప్రాణం వదిలారు. మర్నాడు మధ్యాహ్నం హరికేన్ అనే డెస్ట్రాయర్ వచ్చేసరికి మిగిలినవాళ్లే మిగిలారు. సుమారు 400 మందిలో దాదాపు 250 మంది పోయారు. పిల్లల్లో 77 మంది. లాస్కర్లు వందమంది దాకా.

హరికేన్ కంటపడని లైఫ్‌బోటు ఒకటుంది, పన్నెండో నంబరుది. అందులో 46 మంది: ఆరుగురు మగపిల్లలు, వాళ్లతో పాటు వచ్చిన మేరీ కార్నిష్ అనే సంగీతం టీచరు, ఒక పాదిరీ, ఒక ఆఫీసరు, ఇంకొందరు, మిగిలిన చాలామంది మనవాళ్లే. ఎనిమిది రోజులు అట్లాంటిక్ మీద. నీళ్లు గుక్కెడు చొప్పున, బిస్కెట్లు, డబ్బా చేపలు. ఆవిడ పిల్లల కాళ్లు చేతులు మర్దనా చేస్తూ రోజూ కథలు చెప్పింది. చివరకు ఒక విమానం కంటపడి బతికారు. ఈ కథ ఇంగ్లండులో బాగా చెప్పుకుంటారు, ఆ టీచరు గురించి, పిల్లల గురించి. చెప్పుకోవాల్సిందే. ఆ బోటులో ఉన్న మనవాళ్లు ఏ ఊరివాళ్లు, తర్వాత ఏమయ్యారు అన్నది మాత్రం ఆ కథల్లో రెండు లైన్లు దాటదు. బోటులో ఎక్కువమంది వాళ్లే అయినా సరే.

పిల్లలున్నారని బ్లైక్‌రోట్‌కు తెలియదనే చెప్పారు, గుర్తు లేదు కాబట్టి తెలిసే దారి లేదు కూడా. నాకు అభ్యంతరం ఆయనతో కాదు, ఈ అట్టపెట్టెతో. 51 అని అంకె వేసినవాళ్లు 51 పేర్లు వెయ్యొచ్చు. రెండు అంగుళాల జాగా. కత్తి జాగ్రత్త, గమ్ము వాసన పీల్చొద్దు అని పదకొండు భాషల్లో వేసినవాళ్లకు అది కష్టం కాదు.

మిగతా చరిత్ర త్వరగా ముగిస్తాను. అదే అక్టోబర్‌లో కెనడా నుంచి నెమ్మదిగా వస్తున్న ఎస్‌సీ-7 అనే కాన్వాయ్‌ను మొదట చూసింది యూ-48. రెండు ఓడలు ముంచింది, కబురు పంపింది. ఈలోగా సండర్‌ల్యాండ్ విమానం ఒకటి వచ్చి మునిగేలా చేసింది. కాన్వాయ్ ఏడు నాట్లతో పోతుంది, మునిగిన పడవ నాలుగు నాట్లు. అంతే, జారిపోయింది. కబురందుకున్న మిగతా పడవలు వచ్చి పని కానిచ్చాయి, 35 ఓడల్లో 20 పోయాయి. కానీ ఆ ఒక్క విమానం చేసిన పని చూడండి: బాంబుతో పని లేదు, తల మీద తిరిగితే చాలు, బ్యాటరీ మీద బతికే పడవ చేతులు ముడుచుకోవాల్సిందే. తర్వాత మూడేళ్లలో జరిగింది ఇదే, పెద్ద ఎత్తున. చిన్న రాడార్లు వచ్చాయి, రాత్రి దాక్కోవటం కుదరలేదు. విమానాలు ఎక్కువయ్యాయి, పైకి వచ్చి చార్జింగ్ పెట్టుకునే సందు లేదు. 1943 మే ఒక్క నెలలో 41 పడవలు పోయాయి, డోనిట్స్ ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి పిలిచాడు. అప్పుడు తెలిసొచ్చి, ఇరవై ఒకటో రకం అని కొత్త పడవ గీశారు. అందులో సెల్లులు 372, దీనికి సరిగ్గా మూడింతలు. నీళ్ల కింద 17 నాట్లు. యుద్ధం ముగిసేలోపు వాటిలో వేటకు బయలుదేరినవి రెండే.

యూ-48 మాత్రం ఈ చావులన్నీ తప్పించుకుంది. 1941 జూన్‌లోనే దాన్ని వేటలోంచి తీసి, కొత్తవాళ్లకు పని నేర్పించే పడవగా మార్చేశారు. 1943లో అదీ మానిపించారు. 1945 మే 3న బాల్టిక్ ఒడ్డున నాయ్‌స్టాట్ దగ్గర సొంతవాళ్లే ముంచేశారు, శత్రువు చేతికి పోకుండా. జర్మన్ జలాంతర్గాముల్లో పనిచేసిన సుమారు 40 వేల మందిలో 30 వేల దాకా పోయారు. అంత పేరున్న ఈ పడవ సిబ్బందిలో చాలామంది బతకటానికి కారణం వాళ్ల ప్రతాపం కాదు, దాన్ని తొందరగా రిటైర్ చెయ్యటమే.

మళ్లీ కిట్టు దగ్గరికి. రంగుల సూచనలు సగం పనికిరావు. కింద ముదురు బూడిద, పైన లేత బూడిద అంటూ అంకెలిచ్చారు, ఆ అంకెలు వాళ్ల సొంత రంగుల డబ్బాలవి, అవి ఇక్కడ దొరకవు. కార్లకు వాడే టచప్ రంగుల్లో దగ్గరివి చూసుకున్నాను. మన ఊళ్లో అక్టోబర్, నవంబర్ వానల్లో మాత్రం స్ప్రే చెయ్యకండి. గాలిలో తేమకు రంగు మీద తెల్లటి మసక వస్తుంది, మళ్లీ గీకాల్సిందే. వానలు వెలిశాక, పదిగంటల ఎండ వచ్చాక మేడ మీద చేసుకోండి. కోతులు రాకుండా ఒకరిని కాపలా పెట్టుకోండి, కొండకు దగ్గరున్నవాళ్లకు ఈ మాట విడిగా చెప్పక్కర్లేదు.

తుప్పు వెయ్యటం నాకు బాగా వచ్చిన భాగం. నీళ్లు కారే చీలికల కింద నిలువు చారలు, ఫిరంగి అడుగున మరక, ముందుభాగంలో అలలు కొట్టేచోట రంగు లేచిపోవటం. రైలు పెట్టె కింద తుప్పు ఎలా దిగుతుందో చూసినవాడికి ఫొటోలు అక్కర్లేదు. ఎర్రగా పులిమేయకండి. సముద్రంలో నెలకు మించి ఉన్న ఇనుము మీద తుప్పు గోధుమ రంగులో, కారినట్టుగా ఉంటుంది.

స్టిక్కర్లు పాతబడి పసుపు తిరిగాయి. నీళ్లలో వేస్తే పిల్లి రెండు ముక్కలైంది. తోక ఒకచోట, తల ఒకచోట. మనవడు పక్కనే ఉన్నాడు, ఇంట్లో కాసేపు టెన్షన్ నడిచింది. చివరకు తలకు తోక అతికి, చిరిగినచోట సన్న బ్రష్షుతో నల్ల రంగు దిద్దాను. దూరం నుంచి తెలియదు.

స్టాండు పనికిరాదు. పల్చటి ప్లాస్టిక్, పడవ ఒకవైపు ఒరుగుతుంది. టేకు ముక్క ఒకటి సంపాదించి, కింద రెండు ఇత్తడి రాడ్లు పెట్టించుకోండి. దాని మీద కూర్చోబెట్టాక కంపెనీ అచ్చుపని ఎంత బాగుందో తెలుస్తుంది.

మార్కులు ఇవ్వమంటే అచ్చుకు ఐదుకు నాలుగున్నర, అతుకులకు రెండు, స్టిక్కర్లకు ఒకటి, పుస్తకానికి సున్నా. అమ్మినవాళ్ల ప్యాకింగుకు కూడా సున్నా, పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి. మొత్తం మీద మూడు.

ఇదే స్కేలులో మామూలు సరుకు ఓడ కిట్టు ఎక్కడైనా దొరుకుతుందేమో వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు. సిటీ ఆఫ్ బెనారస్ 150 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, అంటే 1/144లో మీటరుకు పైనే. కిట్టు లేకపోతే ప్లైవుడ్డుతో చేసేలా ఉన్నాను. ఓడల నక్షాలు చదవటం తెలిసినవాళ్లు తిరుపతి, రేణిగుంట వైపు ఎవరైనా ఉంటే కామెంటులో చెప్పండి.